తెర తీయని పల్లకి

ఆకాశం మాడిన పెనంలా కడమండలం మీద బోర్లించి ఉంది. వాన కురవదు, ఎండ కాయదు. ఆ సీమలో చెప్పిన వేళకు వచ్చేది ఒక్కటే, చక్రవర్తి పల్లకి. చక్రవర్తి పోయి మూడు తరాలైంది. ఆయన వెనకే సామ్రాజ్యమూ పోయింది. పల్లకికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

అదిగో, వస్తోంది. దంతపు తోరణాల మీద హంసల మెడలు విరిగాయి. కప్పు మీద బంగారు కలశం ఉండాల్సిన చోట కలశం తాలూకు మచ్చ ఉంది. ఒకనాడు నెమలికంఠంలా మెరిసిన పట్టుతెర ఇప్పుడు మానని గాయం రంగులో వేలాడుతోంది. కప్పు అంచు కుచ్చుల్లో ముత్యాలు ఎప్పుడో రాలిపోయాయి, ఉత్త దారాలే రాజసంగా ఊగుతున్నాయి. గాలికి దారాలు ఊగుతాయి, బోయీల తలపాగా కొసలు ఊగుతాయి. తెర మాత్రం కదలదు.

దారికి ఇరువైపులా జనం హారతి పళ్లేలు పట్టుకుని తలలు వంచి నిలబడ్డారు. ఈ రోజు పల్లకి ఎవరి గడప ముందూ ఆగదు. అందుకని భక్తి ధారాళంగా ఉంది.

ఆగే రోజు వేరు. ఏటా ఒకసారి పల్లకి ఊళ్ల మీదికి బయల్దేరుతుంది. ఏ ఇంటి ముందు బరువెక్కి, బోయీల మోకాళ్లు వంచి, నేలకు దిగుతుందో ఆ ఇంటి నుంచి ఒకరు చక్రవర్తి కొలువుకు వెళ్లాలి. సామ్రాజ్యం బతికి ఉన్న రోజుల్లో అలా వెళ్లినవాళ్లు జరీ తలపాగాతో, కాస్త బొజ్జతో తిరిగి వచ్చేవారట. ఇప్పుడు వెళ్లినవాళ్లు ఏడాది పాటు తెర వెనకే ఉంటారు. ఏడాది నిండిన నాడు పొద్దు వాలే వేళకు బోయీలు పల్లకిని మండలపు పొలిమేరలో, చీకటేటి రేవున దించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతారు. మర్నాడు వచ్చి ఎత్తితే పల్లకి ఒక మనిషి బరువు తగ్గి ఉంటుంది. ఏటికి అవతల ఏముందో చూసి వచ్చినవాడు లేడు.

ఏడాది నిండింది ఈ రోజే. తెర వెనక ఉన్నది సూరప్ప. సూరప్ప భార్య చెంగల్వ పల్లకి కింద ఉంది.

ఆడది పల్లకి బొంగు ముట్టుకుంటే మండలానికి అరిష్టమని శాసనం. ఇంతకన్నా అరిష్టం ఎలా ఉంటుందో శాసనం రాసినవాడు చెప్పలేదు. చెంగల్వ తన తండ్రి తలపాగా చుట్టింది, మేకవెంట్రుకలను వేపబంకతో అంటించి మీసం పెట్టింది. పొద్దుటి నుంచి ఆ మీసం కింద చెమట పట్టి ఒకటే దురద. రెండు చేతులూ బొంగు మీద ఉన్నాయి, గోక్కోవడానికి లేదు. మగవాళ్లు దీన్ని కోరి పెంచుకుంటారెందుకో ఆమెకు అర్థం కాలేదు.

ఆమెకు ముందు, పల్లకి పెట్టెను ఆనుకుని నడుస్తున్నవాడు మల్లిగాడు. అసలు పేరు మయూఖుడు. కూలిన హిరణ్యధ్వజ సామ్రాజ్యపు చివరి చక్రవర్తికి మునిమనుమడు. తాతల సొత్తులో ఏం మిగిలిందో చూద్దామని దేశాలు తిరుగుతూ వచ్చి, మిగిలింది ఈ పల్లకి ఒక్కటేనని తెలుసుకుని సిగ్గుపడ్డవాడు. ఈ తెరను చక్రవర్తి రక్తం కానివారు తాకితే చెయ్యి బొగ్గవుతుంది. కాబట్టి చెంగల్వకు అతడి చెయ్యి కావాలి. భుజం సంగతికొస్తే, రాజకుమారులకు భుజకీర్తులుంటాయి గానీ భుజాలుండవు. రెండు ఊళ్లు దాటేసరికే తోలు ఊడింది.

పెట్టెకు ముందు వైపు ఇద్దరు. అందరికన్నా ముందు సిద్ధప్ప తాత, అతడి వెనక బుడ్డప్ప. వెనక మోసేవాళ్లకు పెట్టె అడ్డమొచ్చి దారి కనిపించదు. ముందువాడు కేక వేసి చెప్పాలి, వెనకవాళ్లు "హుం" అని అడుగు దిద్దుకోవాలి. కడమండలం చరిత్ర అంతా ఆ కేకల్లోనే ఉంది. దొరలు రాయించిన శిలాశాసనాలను జనం ఎప్పుడో పట్టుకుపోయి రుబ్బురోళ్లు చేసుకున్నారు.

"కుడికాలు పైకీ! మొదటి దొర గుంతా!"

"హుం!"

"అదేం పేరు తాతా?" అన్నాడు మయూఖుడు రొప్పుతూ.

"ఒక చక్రవర్తి వేటకొచ్చి దారి తప్పాడంటరా. తప్పానంటే పరువు పోద్ది గదా? 'ఇక్కడికే వద్దామనుకున్నా' అన్నాడంట. అని ఊరుకున్నా బాగుండు. మండలం చేసి, ఒక దొరను పెట్టి పోయాడు. ఆ దొర కోట కడతానని తవ్వించాడు. రాళ్లు ఈ పొద్దు వస్తాయి, రేపొస్తాయి అని చూసి చూసి ముసలోడై పోయాడు. ఆయన ఏలుబడికంతా ఇదే మిగిలింది. చూసి అడుగెయ్యి."

"ఎడమకి జరుగూ! గేదె యుద్ధపు దిబ్బా!"

"హుం!"

"గేదె గెలిచిందా?" అన్నాడు మయూఖుడు.

"పక్క మండలం వాళ్లదని మనమూ, మనదని వాళ్లూ. మనుషులు పడినాక చూస్తే గేదె ఎటో పోయింది. అదే తెలివైంది."

"మాట్లాడితే ఊపిరి పోద్ది మల్లన్నా, నడువు," అంది చెంగల్వ గొంతు బొంగురు చేసి.

"ఆ కొత్తోడికి గొంతు నొప్పా ఏంది? పొద్దుటి నుంచీ కప్పలా మాట్లాడతాడు," అన్నాడు బుడ్డప్ప ముందు నుంచి.

"నీకున్నంత గొంతు అందరికీ ఉంటే ఊరు నిద్రపోదురా," అన్నాడు సిద్ధప్ప.

తర్వాతి రాయి దగ్గర సిద్ధప్ప కేక వేయలేదు. అడుగు మెల్లగా మోపి, నేలను ఒకసారి తట్టాడు. మిగిలినవాళ్లూ తట్టారు. అది గంజిరాయి. కరువులో రాజధాని కనకావతి నుంచి గింజలు వస్తున్నాయని చెప్పి, జనాన్నంతా ఆ రాయి చుట్టూ కూర్చోబెట్టారు. వచ్చింది గింజలు కావు, చక్రవర్తి సానుభూతి. కూర్చున్నవాళ్లలో లేచినవాళ్లు కొద్దిమంది. బోయీలకు అక్కడ కేక వేసే అలవాటు లేదు. అక్కడ ఎవరూ కాలు తప్పరు.

ఆ నిశ్శబ్దంలోనే తెర వెనక నుంచి ఒక దగ్గు వినిపించింది. పొడిదగ్గు, చివర చిన్న ఈలతో.

చెంగల్వ కాలు తడబడింది. పోయిన ఏడు అన్నం తింటూ ఉండగా పల్లకి గడప ముందు దిగింది. సూరప్ప ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. ఈ దగ్గు అప్పటిదే. కషాయం కాచి ఇస్తే "చేదు" అని ముఖం తిప్పుకునేవాడు.

"బొంగు కిందికి పోతోంది," అన్నాడు సిద్ధప్ప, వెనక్కి తిరగకుండా. "ఏడుపైతే ఏటి దగ్గర ఏడు. ఇక్కడ నడువు."

"ముందు మిట్టా! ఉప్పువాడి మిట్టా!"

"హుం!"

సామ్రాజ్యం కూలిందన్న కబురు కడమండలానికి తెచ్చింది ఒక ఉప్పు అమ్ముకునేవాడు. అప్పటి మండలాధిపతి వికంకటుడు వాణ్ణి ఈ మిట్ట మీదే కొరడాలతో కొట్టించి చంపాడు. రాజధానిలో ఏం జరిగినా కడమండలంలో సామ్రాజ్యం కూలడానికి వీల్లేదన్నాడు. తనను పదవి నుంచి దించే ఉత్తరువు రాలేదు గనుక దిగనన్నాడు. ఉత్తరువు ఇచ్చే చక్రవర్తి లేడు గనుక చావనని కూడా అన్నాడు. క్షుద్రవిద్యలు నేర్చి చక్రవర్తి పల్లకిలో దూరి తెర దించుకున్నాడు. ఏడాదికొక మనిషి ఆయువు తాగుతాడు. ఏడాది బతుకుతాడు. ఆ మనిషి పిప్పిని ఏట్లో పారేస్తాడు. పిలుపు వచ్చినప్పుడల్లా జనం మనుషులను ఇచ్చుకుంటూ వస్తున్నారు. మూడు తరాలుగా అలవాటైన పని, మానుకుంటే ఏమవుతుందో అని భయం.

వికంకటుడిని గెలవడానికి ఒక్కటే సందు ఉంది. అది మంత్రాల్లో లేదు, బోయీల ఆనవాయితీలో ఉంది. పల్లకి భుజం మీద ఉన్నంతసేపు అది బోయీలది. నేల మీద పెడితే దొరది. భుజం మీద ఉండగా ముందు బోయీ "కొమ్మ" అని అరిస్తే లోపల చక్రవర్తి ఉన్నా కళ్లు మూసుకుని తల వంచాల్సిందే. వికంకటుడికి ఆనవాయితీ అంటే ప్రాణం. అది పోతే అతడికి వేరే ప్రాణం లేదు. రేవు దగ్గర సిద్ధప్ప "కొమ్మ" అనాలి, వాడు తల వంచాలి, మయూఖుడు తెర తొలగించాలి, చెంగల్వ మొగుణ్ణి పట్టి లాగాలి.

రేవు దగ్గర చెట్టు లేదు. సిద్ధప్ప తన జన్మలో దారి మీద అబద్ధపు కేక వేయలేదు. అతడి తండ్రి వేయలేదు, తాత వేయలేదు. ఒప్పించడానికి చెంగల్వకు నాలుగు రోజులు పట్టింది. బుడ్డప్పకు ఏమీ చెప్పలేదు. బుడ్డప్పకు చెబితే ఊళ్లో దండోరా వేయించినట్టే.

చీకటేరు కనిపించింది. నల్లటి నీరు, మీద మంచు. అవతలి గట్టు ఉందో లేదో తెలియదు. పడమట మబ్బుల చీలికలో సూర్యుడు ఆరిపోతున్న నిప్పుకణికలా ఉన్నాడు. పొలిమేర రాయి ఇంకాస్త దూరంలో ఉంది.

సిద్ధప్ప బొంగును భుజం మీద సర్దుకున్నాడు. ఆ తర్వాత ఏరు మారుమోగేలా అరిచాడు.

"కొమ్మో కొమ్మ! తల దించు దొరా!"

పల్లకిలో ఏదో సరసరా వంగింది. అదే క్షణంలో మయూఖుడు కూడా వంగాడు.

పాపం, పొద్దుటి నుంచి ఆ కేకలకు ఒళ్లు వంచడం ఒక్కటే శ్రద్ధగా నేర్చుకున్నాడు. మహారాజకుమారుడు లేని కొమ్మ కింద తల దించి, చెయ్యి చాచాలన్న సంగతి మరిచిపోయాడు.

"మల్లన్నా! తెర!" అని చెంగల్వ ఆడగొంతుతోనే అరిచింది.

బుడ్డప్ప పైకి చూశాడు, కొమ్మ లేదు. వెనక్కి చూశాడు, మగవాడి మీసంలో నుంచి ఆడగొంతు. సిద్ధప్ప అబద్ధమాడాడు, ఆడది బొంగు మోసింది! రెండు అరిష్టాలను ఒక్కసారి మోసే ఓపిక బుడ్డప్పకు లేదు. బొంగు వదిలి వచ్చిన దారినే పరుగెత్తాడు. ముందు వైపు కుంగింది. పల్లకి దభీమని నేలకు తగిలింది.

నేల తగలగానే తెర దానంతటదే రెండుగా చీలింది. లోపలి నుంచి వికంకటుడు దిగాడు. ఎండిన తామరతూడు లాంటి మెడ, దాని మీద వజ్రాల పతకాలు. పుర్రెకు అతికిన తోలు మీద చక్కగా దిద్దిన తిలకం. మోకాళ్ల దాకా వేలాడే గోళ్లు. ఒంటి మీద దొరతనపు దుస్తులు మాత్రం మడత నలగకుండా ఉన్నాయి.

"దారి మీద అబద్ధం!" అన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా నొప్పి ఎక్కువగా ఉంది. "నువ్వు కూడానా సిద్ధప్పా? ఇంక ఈ మండలంలో నమ్మదగినవాడు ఎవరున్నారు?"

ఒక గోరు ఎత్తాడు. నేల కదిలింది. దారి పొడవునా రాళ్లు పొర్లుకుంటూ వచ్చి సిద్ధప్ప చీలమండలను పట్టుకున్నాయి. చెంగల్వ కాళ్ల కింద మట్టి నోరు తెరిచి మోకాళ్ల దాకా మింగింది. ఆమె నడుం వంచి పల్లకి వైపు చేతులు చాపింది. తెర వెనక చీకట్లో ఒక తెల్లటి చెయ్యి కనిపించింది. అందలేదు. జానెడు దూరం.

"సూరయ్యా! ఇటు! చెయ్యి ఇటు ఇవ్వు!"

ఆ చెయ్యి కదలలేదు. తెర మళ్లీ మూసుకోసాగింది. మయూఖుడు ఒక్క గెంతు గెంతి రెండు చేతులతో తెరను పట్టుకున్నాడు.

పట్టు చుర్రుమనలేదు. చెయ్యి బొగ్గు కాలేదు.

వికంకటుడి గోరు గాలిలోనే ఆగిపోయింది. అతడు మయూఖుడి చేతుల వైపు చూశాడు, ముఖం వైపు చూశాడు, చిరిగిన తలపాగా వైపు చూశాడు. పుర్రెలో ఎక్కడో నీళ్లు ఊరాయి. నిలువునా నేల మీద పడి సాష్టాంగపడ్డాడు.

"ప్రభూ! వచ్చారా! అందరూ రారన్నారు. నేను నమ్మలేదు. ఆ ఉప్పువాణ్ణి కూడా నేను నమ్మలేదు."

మయూఖుడు తెర వదలకుండా గొంతు సవరించుకున్నాడు. ఏం చెప్పాలో తోచక, వంశంలో ఉన్న మాటే చెప్పాడు.

"ఇక్కడికే వద్దామనుకున్నాం."

అంత దుఃఖంలోనూ చెంగల్వకు నవ్వు వచ్చినంత పనైంది.

"మండలాధిపతీ! లోపల ఉన్న మనిషిని దించు. ఇది మా ఆజ్ఞ."

"ఆసనం మీద కూర్చుని ఇస్తే ఆజ్ఞ, ప్రభూ. నిలబడి ఇస్తే అది మాట." వికంకటుడు వినయంగా లేచాడు. "ఆసనం ఒక్కటే. తమరు ఎక్కితే అతడు దిగుతాడు. ఎక్కాక మాత్రం తమరు దిగడం ఉండదు. చక్రవర్తి లేని కొలువు ఎంత కాలం నడపను? అలసిపోయాను."

మయూఖుడు చెంగల్వ వైపు చూశాడు. ఎక్కమనీ ఆమె అనలేదు, వద్దనీ అనలేదు. ఆమె కళ్లు ఆ తెల్లటి చేతి మీదే ఉన్నాయి. పొద్దు పొలిమేర రాయి అంచుకు దిగింది.

మయూఖుడు తల వంచి, ఈసారి నిజంగా అవసరమై, పల్లకిలో దూరాడు.

తెర అంచు నుంచి సూరప్ప మూటలా జారి పడ్డాడు. ఒక్క ఏడాదిలో జుట్టంతా నెరిసింది. చెంపలు లోపలికి పోయాయి. కళ్లు మిటకరించి ఎదురుగా బురదలో ఉన్న మీసాలవాణ్ణి చూశాడు.

"ఎవరన్నా నువ్వు?"

చెంగల్వ మీసం పట్టి లాగింది. బంకతో పాటు కాస్త తోలు కూడా వచ్చింది.

"ఇప్పుడు?"

సూరప్ప చాలాసేపు చూశాడు. "నా మీసం కన్నా బాగుంది," అన్నాడు, దగ్గుతూ. ఆమె ఏడ్చింది. ఏటి దగ్గర ఏడవమని సిద్ధప్ప ముందే చెప్పాడు.

పల్లకిలో నుంచి మయూఖుడి గొంతు వినిపించింది. అందులో ఇప్పుడు నిజంగానే సింహాసనం పలికింది. "మండలాధిపతీ! మా బోయీల కాళ్లు వదిలిపెట్టు." రాళ్లు దొర్లి పక్కకు పోయాయి. మట్టి చెంగల్వను కక్కేసింది. "ఇంత కాలం సేవ చేశావు. చక్రవర్తి పాదాల దగ్గర నీ చోటు ఖాళీగా ఉంది. రా, కూర్చో."

వికంకటుడు పతకాలు సర్దుకున్నాడు. తిలకం తడుముకున్నాడు. చిన్నపిల్లవాడిలా వెక్కుతూ పల్లకిలోకి పాకి, మయూఖుడి పాదాల దగ్గర ముడుచుకున్నాడు.

"సిద్ధప్పా!" అని అరిచాడు మయూఖుడు. "ఎత్తు! ఎత్తి మళ్లీ దించొద్దు!"

సిద్ధప్పకు రెండోసారి చెప్పనక్కర్లేదు. ముందు బొంగు కింద దూరాడు. చెంగల్వ వెనక వైపు మయూఖుడి చోట బొంగు అందుకుంది. ఇద్దరు మోసే బరువు కాదది. పల్లకి జానెడు లేచి, మళ్లీ వంగుతూ ఉండగా, బుడ్డప్ప వదిలిపోయిన చోట ఎముకల భుజం ఒకటి ఆనింది.

"నువ్వెందుకు?" అని అరిచింది చెంగల్వ. "నీ కోసమే ఇదంతా! నువ్వు ఇంటికి పో!"

"ఇంట్లో ఎవరున్నారు?" అన్నాడు సూరప్ప.

పల్లకి లేచింది. భుజాల మీదికి వచ్చింది. లోపలి నుంచి ఒక కేక పుట్టింది. మోసపోయిన దొరతనపు కేక అది. "దించండి! ఇది నా మండలం! దించండి!"

"భుజం మీద మా మాటే దొరా," అన్నాడు సిద్ధప్ప. "నోరు ముయ్యి."

వెనక దారి అంతా పొర్లుతూ వస్తోంది. గుంతలు, దిబ్బలు, మిట్టలు, కడమండలం చరిత్ర మొత్తం తన దొర కోసం దొర్లుకుంటూ వస్తోంది. ఈ గట్టున ఎక్కడ దించినా ఆ నేల వాడిదే. అక్కడ దించితే మయూఖుడు పిప్పి అవుతాడు. ఏరు దాటితే అది వికంకటుడి మండలం కాదు.

"చెంగీ," అన్నాడు సిద్ధప్ప నీళ్లలో కాలు పెట్టి, "ఏటికి అవతల నాకు దారి రాదమ్మా. ఒక్క రాయి పేరు కూడా తెలియదు."

"కాలికి తగిలింది తగిలినట్టు చెప్పు తాతా. చాలు."

నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి, నడుం దాకా వచ్చాయి. ముందు నుంచి కేకలు లేవు, నీళ్లను తడుముకునే పాదాల చప్పుడు మాత్రమే. సూరప్ప దగ్గుతున్నాడు. దగ్గిన ప్రతిసారీ బొంగు కుంగుతోంది, పల్లకి అడుగు నీటిని తాకి లేస్తోంది. నీటి కింద నేల కూడా నేలే. చెంగల్వ వెనక నాలుగో చోట ఎవరూ లేరు, ఆ బరువంతా ఆమె మెడ నరాల మీదే ఉంది. కళ్లకు చీకట్లు కమ్మాయి. ఇంకొక్క అడుగు, ఆ తర్వాత మరొకటి. ఆ పైన ఆమె భుజం విడిపోతుందని ఆమెకే తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడు బరువు తగ్గింది.

వెనక నాలుగో చోట ఎవరో భుజం ఆనించారు. మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది. నీటి అడుగున ఏళ్ల తరబడి నానిన బట్టల వాసన వచ్చింది. తెరలోపల వికంకటుడి కేక ఠక్కున ఆగిపోయింది.

"ఎడమకి... లోతూ!" అని సిద్ధప్ప తొలి కేక వేశాడు.

చెంగల్వ వెనక నుంచి, ఒకటి కాదు, చాలా గొంతులు, నీళ్లు పుక్కిలిస్తున్నట్టు బదులిచ్చాయి.

"హుం."